హిరణ్యకశిపుడి వరం, సి.ఆర్. రావు పట్టిక

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంఘం వారు అడిగారు. అహోబిలం చరిత్ర రాయడానికి నాకంటే అర్హులు మనలో పాతికమందైనా ఉన్నారు. దిగువ అహోబిలం శాసనాలు, మఠం చరిత్ర, ఆళ్లగడ్డ శిల్పుల సంగతులు మన తెలుగు మాస్టార్లకూ సోషల్ మాస్టార్లకూ కంఠతా వచ్చు. నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని వేరు. సాఫ్ట్‌వేర్ బయటికి పోకముందే దాన్ని పరీక్షించే పని. ఆ పనికీ ఒక చరిత్ర ఉంది. అందులో ఒకప్పటి మన పక్క జిల్లా బళ్లారిలో పుట్టిన ఒక తెలుగువాడి పేరు ఉంది. ఆ పేరు తెలిసినవాళ్లకు కూడా మా పనితో ఆయనకున్న సంబంధం సాధారణంగా తెలియదు. అందుకే అది రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్ పరీక్ష అంటే ఏమిటని మన ఊళ్లో ఎవరైనా అడిగితే నేను హిరణ్యకశిపుడి వరం గుర్తుచేస్తాను. ఉగ్రస్తంభం చూసి వచ్చినవాళ్లకు వేరే ఉదాహరణ ఎందుకు? పగలు గానీ రాత్రి గానీ, ఇంటి లోపల గానీ బయట గానీ, నేల మీద గానీ ఆకాశంలో గానీ, మనిషి చేత గానీ మృగం చేత గానీ, ప్రాణమున్న దానితో గానీ లేని దానితో గానీ చావు రాకూడదని ఆయన కోరుకున్నాడు. మా భాషలో దీన్ని స్పెసిఫికేషన్ అంటారు. షరతులు ఐదు. ఒక్కొక్కదానికి రెండు పక్షాలు. అన్నీ కలిపి చూస్తే రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది, అలా ఐదుసార్లు పెంచితే 32 సందర్భాలు. ఈ 32 లెక్క కాస్త పక్కన పెట్టండి, తర్వాత దీనితో పని ఉంది.

మనం రాసే ప్రోగ్రాం మనుషులు చదవడానికి వీలైన భాషలో ఉంటుంది. యంత్రానికి కావలసింది అంకెల వరుస. మొదటిదాన్ని రెండోదిగా మార్చేది కంపైలర్, మారి వచ్చిన ఫైలు బైనరీ. ఈ బైనరీల ఆయుష్షు రెండు రకాలు. వాడేవాళ్ల ఫోనులోకో బ్యాంకు కంప్యూటర్‌లోకో ఆసుపత్రి యంత్రంలోకో వెళ్లి ఏళ్ల తరబడి నడిచేది ఒక రకం. పరీక్ష కోసమే పుట్టి, రెండు సెకన్లు నడిచి, సరే అనో కాదు అనో ఒక్క ముక్క చెప్పి చెరిగిపోయేది రెండో రకం. నాలాంటి వాడి రోజు గడిచేది ఈ రెండో రకంతోనే. పేరులేని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో రాత్రికి రాత్రి వేల బైనరీలు పుట్టి పోతుంటాయి. పొద్దున్నే మేం చూసేది వాటి ఫలితాలను మాత్రమే.

మొదట్లో ఇంత వైభోగం లేదు. 1949 మే 6న ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అనే కంప్యూటర్ మొదటి లెక్క చేసింది. దాన్ని కట్టిన మారిస్ విల్క్స్ తర్వాత తన జ్ఞాపకాల్లో ఒక మాట చెప్పుకున్నాడు: తన మిగిలిన జీవితంలో మంచి భాగం తన ప్రోగ్రాముల్లోని తప్పులు వెతకడానికే పోతుందని ఆ రోజుల్లోనే ఆయనకు తట్టిందట. అదే ఏడాది జూన్‌లో అక్కడే జరిగిన సమావేశంలో అలన్ ట్యూరింగ్ ఒక చిన్న పత్రం చదివాడు. పెద్ద ప్రోగ్రాం సరిగ్గా ఉందని ఎలా నమ్మాలి అన్నది దాని విషయం. అంటే కంప్యూటర్ నడిచిన నెలకే, దాన్ని నమ్మడం ఎలా అనే ప్రశ్న పుట్టింది.

1957లో ఐబీఎంలో జాన్ బాకస్ బృందం ఫోర్‌ట్రాన్ కంపైలర్ విడుదల చేసింది. అప్పటి ప్రోగ్రాం చిల్లుల అట్టల కట్ట. కంపైల్ అయి వచ్చే బైనరీ కూడా మళ్లీ ఇంకో అట్టల కట్టే. పరీక్షకని చేసిన బైనరీని అప్పట్లో చేత్తో పట్టుకుని చూడవచ్చు, రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టవచ్చు. యంత్రం మీద ఒక గంట దొరకాలంటే క్యూ కట్టాలి. ఎవరూ ఊరికే చేసి ఊరికే పారేయరు. ఈ లెక్క కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లకు ఇబ్బందిగా తోచింది. విద్యార్థి రాసే ప్రోగ్రాం ఏడెనిమిది సార్లు తప్పు పోయి ఒకసారి ఒప్పై ఆ తర్వాత ఎవరికీ అక్కర్లేకుండా పోతుంది. దానికి అట్టలెందుకు? 1965లో అక్కడి విద్యార్థులే వాట్‌ఫర్ అనే కంపైలర్ తయారుచేశారు. అది బైనరీని యంత్రం జ్ఞాపకంలోనే పెట్టి, వెంటనే నడిపి, పని అయ్యాక వదిలేస్తుంది. పారేయడం కోసమే కంపైల్ చేయడం అనే పద్ధతి విద్యార్థుల గదుల నుంచే బాగా వ్యాపించిందన్న మాట. మాస్టార్లు ఇది గమనించాలి.

మన దగ్గర ఆ కాలానికి హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైంది, 1967లో. రెండేళ్లకు టీడీసీ-12 వచ్చింది. అవి చూసే భాగ్యం మా తరానికి కలగలేదు. మేం ఇంజనీరింగులో చేరేసరికి చేతికొచ్చింది 360 కేబీ ఫ్లాపీ. ఒక్కో కంపైలుకు ఒక ఓబీజే ఫైలు, ఒక ఈఎక్స్ఈ ఫైలు పుట్టుకొచ్చి ఫ్లాపీ నిండిపోయేది. అసలు ప్రోగ్రాం దాచుకోవడానికి జాగా లేక ప్రతిసారీ వాటిని చెరిపేవాళ్లం. 1983లో వచ్చిన టర్బో పాస్కల్‌లో ఈ బాధ లేదు, మనం వద్దంటే తప్ప అది బైనరీని మెమొరీలోనే ఉంచుతుంది. వాటర్లూ ఆలోచనే, ఇంటి కంప్యూటర్ దాకా దిగివచ్చింది.

చెరపడం జాగా కోసమే అనుకునేవాళ్లం. అసలు కారణం వేరే ఉంది. 1970ల మధ్యలో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ అనే ఆయన పొద్దుటి నుంచి ఒక తప్పు వెతికి వెతికి విసిగి, స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి కోపంగా వచ్చాడట. ప్రోగ్రాంలో తప్పు అప్పటికే దిద్దేశాడు. దిద్దిన ఫైలు మళ్లీ కంపైల్ కాలేదు, అంతే. అంటే ఒక పూటంతా పాత బైనరీని పరీక్షిస్తూ కూచున్నాడు. ఏది మారిందో చూసి దాన్ని మాత్రం మళ్లీ కంపైల్ చేసే మేక్ అనే సాధనాన్ని ఫెల్డ్‌మన్ 1976లో రాయడానికి ఈ సంగతే ప్రేరణ. ఇప్పటికీ కోట్ల ప్రోగ్రాములు దాంతోనే తయారవుతున్నాయి. నిన్నటి చద్దన్నం ఎదురుగా ఉంటే ఈ పూట వండలేదన్న సంగతి తెలియదు. ఇంజనీర్లు బైనరీని తాత్కాలికంగా చేసి చెరిపేయడం వెనక ఉన్న భయం ఇదే.

2009 నవంబరులో గూగుల్ బయటపెట్టిన గో భాషలో ఈ పద్ధతి భాషలోనే కుదురుకుంది. రాబర్ట్ గ్రీస్‌మర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ దాని కర్తలు. థాంప్సన్ అంటే యూనిక్స్ రాసిన ఆయనే. అందులో గో టెస్ట్ అని ఒక ఆజ్ఞ ఉంది. అది అసలు ప్రోగ్రాంనూ పక్కనున్న పరీక్ష ఫైళ్లనూ పోగుచేసి, వాటిని వరసగా పిలిచే చిన్న ప్రోగ్రాం ఒకటి తానే రాసుకుని, అన్నీ కలిపి ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో బైనరీ చేసి, నడిపి, ఫలితం చెప్పి, ఫోల్డర్ చెరిపేస్తుంది. బైనరీ పోతూ పోతూ వదిలేది ఒక అంకె. సున్నా అయితే పాసు, సున్నా కాకపోతే ఫెయిలు. బళ్లో సున్నాకు ఇంత మర్యాద ఎప్పుడూ దొరకలేదు. 2018లో వచ్చిన గో 1.10 నుంచి ఇంకో తెలివి చేరింది. ఏమీ మారలేదని తేలితే మళ్లీ నడపకుండా, పాత ఫలితమే ఇదిగో అని చెబుతుంది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. పరీక్షకు చేసే బైనరీ, అమ్మే బైనరీ అచ్చంగా ఒకటి కావు. పరీక్షదానిలో కాపలాదారులను పెడతాం. జ్ఞాపకంలో తనది కాని చోట ప్రోగ్రాం చెయ్యి పెడితే పట్టుకునే అడ్రెస్ శానిటైజర్ అలాంటిదే. దాంతో ప్రోగ్రాం నడక దాదాపు రెండింతలు నెమ్మదిస్తుంది. అమ్మేదానిలో కాపలా తీసేసి వేగం పెంచుతాం. వేగం మారితే ప్రవర్తన కూడా మారే ప్రోగ్రాములు ఉన్నాయి. ఆళ్లగడ్డలో శిల్పి ఉలి దెబ్బ ఏ రాతి మీద పడిందో విగ్రహం ఆ రాతిలోనే ఉంటుంది. మాకు ఆ భాగ్యం లేదు. నమూనా మీద దెబ్బ వేసి, విగ్రహం బాగుందని సంతకం పెట్టే పని మాది. అందుకని చివర్లో అమ్మే బైనరీని కూడా విడిగా పరీక్షకు కూర్చోబెట్టాలి. టైము లేదన్న సాకుతో చాలాచోట్ల ఈ అంకం ఎగిరిపోవడం నేను చూశాను.

అసలు చిక్కు ఇది కాదు. కంపైల్ చేయడం చవకైన కొద్దీ ఒక దురాశ పుట్టింది: అన్నీ పరీక్షిద్దాం! ఒక ప్రోగ్రాంలో పెట్టవచ్చు, తీసేయవచ్చు అనే మీటలు ఉంటాయి. తెలుగు అక్షరాలు కావాలా వద్దా, నెట్‌వర్క్ ఉందా లేదా, పాత ప్రాసెసరా కొత్తదా అని. మీట మారితే కంపైల్ అయ్యే బైనరీ మారుతుంది. పది మీటలుంటే 1,024 రకాల బైనరీలు. 31 మీటలుంటే 214 కోట్లకు పైచిలుకు. ఒక్కోటి కంపైల్ చేసి నడపడానికి నిమిషం పడుతుందనుకుందాం, అన్నీ అయ్యేసరికి నాలుగు వేల ఏళ్లు దాటుతాయి. లినక్స్ గుండెకాయ వంటి కెర్నల్‌లో ఇలాంటి మీటలు పది వేలకు మించి ఉన్నాయి. ఆ లెక్కకు మన సంస్కృత సంఖ్యామానంలో కూడా పేరు దొరకదు. బైనరీ చేయడం ఎంత చవకైనా ఏవి చేయాలి అనే ప్రశ్న మాత్రం చవక కాలేదు. దీనికి జవాబు ఎడ్సాక్ నడవకముందే ఒకాయన పొలాల కోసం రాసిపెట్టాడు.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హడగళిలో పుట్టారు. అప్పుడది మద్రాసు రాష్ట్రంలో బళ్లారి జిల్లా. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి వదిలేసిన దత్తమండలాల్లో భాగం. అంటే మన చుట్టాల ఊరి లాంటిదే. తెలుగు కుటుంబం, పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడు. దేవకికి ఎనిమిదో బిడ్డ కృష్ణుడు గనుక ఈయనకూ ఆ పేరు వచ్చింది. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు కావడంతో బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడులు తిరిగారు. తల్లి లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదని ఆయనే ఒక పుస్తకంలో రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. అయ్యాక పరిశోధనకు స్కాలర్‌షిప్ దొరకలేదు. యుద్ధకాలంలో సైన్యానికి లెక్కలు చేసే ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు, అదీ రాలేదు. బస చేసిన చోట పరిచయమైన ఒక మనిషి ద్వారా మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసింది. 1941 జనవరి 1న అందులో చేరారు. ఉద్యోగం దొరకని ఆ నెలలకు ప్రపంచ గణాంకశాస్త్రం ఎంత రుణపడిందో చెప్పలేం. 1945లో, పాతికేళ్ల వయసులో, ఆయన రాసిన ఒక్క పత్రం నుంచే క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అనే రెండు సిద్ధాంతాలు పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లాయి. వాటి జోలికి ఇక్కడ పోను. మాకు కావలసింది ఆ తర్వాతి ఏళ్లలో, 1946-47లో వెలువడిన ఆలోచన.

ఆ కాలంలో గణాంకశాస్త్రానికి పెద్ద ప్రయోగశాల పొలమే. ఆర్.ఏ. ఫిషర్ ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో ఈ పద్ధతులు నిలబెట్టాడు. మన నంద్యాల పరిశోధనా స్థానం వంటిదే అదీ. నరసింహ అనే పత్తి రకం నంద్యాలలో తయారైందే, పేరు ఎవరిదో మీకు చెప్పనక్కర్లేదు. అక్కడి మడులు గుర్తు తెచ్చుకోండి. విత్తనం పాతదా కొత్తదా, ఎరువు తక్కువా ఎక్కువా, నీళ్లు తక్కువా ఎక్కువా అని మూడు షరతులు. అన్నీ కలిపి చూడాలంటే ఎనిమిది మడులు కావాలి. నాలుగే ఉన్నాయనుకుందాం. రావుగారి పట్టిక ఇలా పోతుంది. మొదటి మడిలో పాత విత్తనం, తక్కువ ఎరువు, తక్కువ నీళ్లు. రెండోదానిలో పాత విత్తనం, ఎక్కువ ఎరువు, ఎక్కువ నీళ్లు. మూడోదానిలో కొత్త విత్తనం, తక్కువ ఎరువు, ఎక్కువ నీళ్లు. నాలుగోదానిలో కొత్త విత్తనం, ఎక్కువ ఎరువు, తక్కువ నీళ్లు. ఇప్పుడు ఏ రెండు షరతులైనా తీసుకోండి, విత్తనం-ఎరువు గానీ, ఎరువు-నీళ్లు గానీ, విత్తనం-నీళ్లు గానీ. వాటి నాలుగు జతలూ నాలుగు మడుల్లో సరిగ్గా ఒక్కోసారి కనిపిస్తాయి. కాగితం మీద వేసి చూడండి, రెండు నిమిషాల పని. తొమ్మిదో తరగతి పిల్లవాడు కూడా సరిచూడగలడు.

ఇలాంటి పట్టికలకు ఆర్తోగోనల్ అరేలు అని పేరు. ఏడు షరతులకు 128 బదులు ఎనిమిది వరుసలు చాలు. పదిహేనుకు 32,768 బదులు పదహారు. ముప్పై ఒకటికి, ఇందాక నాలుగు వేల ఏళ్లు పట్టిన లెక్కకు, ముప్పై రెండు. అంటే అరగంట. ప్రతి జతా సమానంగా కనబడాలంటే ఇంతకంటే తక్కువ వరుసలు కుదరవని కూడా రావుగారే నిరూపించారు. దాన్ని రావు హద్దు అంటారు.

1946 నుంచి 1948 దాకా ఆయన కేంబ్రిడ్జిలో ఉన్నారు. పైకి చేసిన పని సూడాన్‌లో తవ్వి తీసిన ప్రాచీన అస్థిపంజరాలను కొలవడం. ఫిషర్ దగ్గర డాక్టరేటు పూర్తిచేసి తిరిగి వచ్చేశారు. ఆయన వెళ్లిన మరుసటి ఏడాదే అదే ఊళ్లో ఎడ్సాక్ నడవడం, విల్క్స్‌కు తన తప్పుల బెడద అర్థం కావడం జరిగాయి. రోగం, మందు ఒకే ఊళ్లో కొద్ది నెలల తేడాతో ఉన్నాయి, ఒకదాని గురించి ఇంకొకదానికి తెలియదు. అవి కలుసుకోవడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

మధ్యలో ఆ పట్టికలు జపాన్ చేరాయి. 1954-55లో కలకత్తా సంస్థకు వచ్చి పనిచేసిన గెనిచి టగుచి, కార్ఖానాల్లో నాణ్యత కోసం వాటిని విరివిగా వాడాడు. మన ఇళ్లల్లో జపాన్ రేడియోకు, టేపు రికార్డరుకు వచ్చిన పేరులో ఆ పట్టికల వాటా కొంత ఉంది. సాఫ్ట్‌వేర్‌లోకి ఈ ఆలోచన వచ్చింది 1985లో. రాబర్ట్ మాండ్ల్ అనే ఆయన అమెరికా రక్షణశాఖ వారి ఏడా భాషకు చేసిన కంపైలర్లను పరీక్షించడానికి, ఈ పట్టికలకు అక్కచెల్లెళ్ల వంటి లాటిన్ చతురస్రాలను వాడి చూపించాడు. కంపైలర్‌ను పరీక్షించడమంటే చిన్న చిన్న ప్రోగ్రాములు వేలకు వేలు దానికిచ్చి, వచ్చిన బైనరీ ఒక్కోదాన్ని నడిపి, జవాబు చూసి పారేయడమే. ఏ ప్రోగ్రాములు ఇవ్వాలో పట్టిక చెబుతుంది. దీనికి పూర్తిగా ఎదురుదారి కూడా ఉంది. 2011లో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు సీస్మిత్ అనే సాధనంతో సీ భాషలో అడ్డదిడ్డం ప్రోగ్రాములు పుట్టించి కంపైలర్ల మీదికి వదిలారు. అప్పటిదాకా ఎవరికీ తెలియని తప్పులు 325కు పైగా బయటపడ్డాయి. గుడ్డి దెబ్బకూ విలువ ఉందని ఒప్పుకోవాలి.

పొలానికీ సాఫ్ట్‌వేర్‌కూ ఒక తేడా ఉంది. పొలంలో ఎంత దిగుబడి అన్నది ప్రశ్న, సగటు తీయాలి, కాబట్టి ప్రతి జతా సమానంగా రావాలి. బైనరీ మాత్రం పాసో ఫెయిలో, అంతే. ఒక జత ఒక్కసారి కనిపించినా చాలు, మూడుసార్లు కనిపించినా నష్టం లేదు. ఆ సమానత్వం వదులుకుంటే వరుసలు ఇంకా తగ్గుతాయి. 31 మీటలకు ఎనిమిది బైనరీలతో పని ముగుస్తుంది. వీటిని కవరింగ్ అరేలు అంటారు. 1990లలో అమెరికాలోని బెల్‌కోర్ వాళ్లు వీటిని తయారుచేసే సాధనం చేశారు. ఇప్పుడు ఉచితంగా దొరికేవి చాలానే ఉన్నాయి.

జతలు చూస్తే చాలా అని మీకు అనుమానం రావాలి. అమెరికాలో 1983 నుంచి 1997 వరకు సాఫ్ట్‌వేర్ లోపాల వల్ల వెనక్కి పిలిపించిన వైద్య పరికరాలను వాలెస్, కూన్ అనే ఇద్దరు పరిశీలించారు. వివరాలు సరిపడా ఉన్న 109 కేసుల్లో, రెండుకు మించిన షరతులు కలిస్తేనే బయటపడే లోపాలు మూడే తేలాయి. మిగతావన్నీ ఒక షరతుతోనో ఒక జతతోనో దొరకవలసినవి. తర్వాత వేరే రకాల సాఫ్ట్‌వేర్‌లో చూస్తే మూడు, నాలుగు షరతులవి కూడా కనిపించాయి గానీ ఆరు దాటినవి లేవు.

ఇది కాగితం మీది లెక్క అనుకోకండి. థెరాక్-25 అని క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే యంత్రం ఒకటి ఉండేది. 1985 జూన్ నుంచి 1987 జనవరి మధ్య ఆరుగురు రోగులకు అది ఇవ్వవలసిన దానికి ఎన్నో రెట్ల మోతాదు ఇచ్చింది. కొందరు దాంతోనే పోయారు. టెక్సస్‌లోని టైలర్ ఊళ్లో జరిగిన ప్రమాదాల్లో కారణం ఇది: ఆపరేటరు ముందు ఎక్స్‌రే అని టైపు చేసి, పొరపాటు చూసుకుని ఎలక్ట్రాన్ అని దిద్దింది. దిద్దడం సహజం. చేయి తిరిగిన మనిషి గనుక ఎనిమిది సెకన్లలోపే దిద్దింది. వేగంగా టైపు చేయడమూ సహజం. ఈ రెండూ కలిసినప్పుడు మాత్రమే యంత్రం మార్పును గమనించలేదు. నెమ్మదిగా దిద్దినప్పుడు ఏమీ కాలేదు, వేగంగా టైపు చేసి దిద్దకపోయినా ఏమీ కాలేదు. ఒక్క జత. మడిలో ఎరువూ నీళ్లూ వంటిదే.

మన పిల్లల్లో టెస్టింగు ఉద్యోగం వచ్చిందంటే ముఖం చిన్నబుచ్చుకునేవాళ్లు ఉన్నారు, తల్లిదండ్రులు ఇంకా ఎక్కువ. డెవలపర్ అంటే అల్లుడు, టెస్టర్ అంటే అల్లుడి తమ్ముడు అన్నట్టు మాట్లాడతారు. వై2కె రోజుల్లో అమీర్‌పేటలో కోర్సు చేసి ఈ పనిలోకి వచ్చిన మనవాళ్లు చాలామంది. పాత కోబాల్ ప్రోగ్రాం దిద్ది, కంపైల్ చేసి, టెస్ట్ లైబ్రరీలో పెట్టి, యంత్రం తేదీని 1999 డిసెంబరు 31కి జరిపి, అర్ధరాత్రి దాటించి చూసేవాళ్లు. దాటితే 2000 ఫిబ్రవరి 29కి. వందతో భాగించబడే సంవత్సరం లీపు కాదు, నాలుగు వందలతో భాగించబడితే అవుతుంది. ఈ రెండో ముక్క మరిచిన ప్రోగ్రాములు ఉండేవి. ఆ జనవరి ఒకటిన పెద్దగా ఏమీ జరగలేదు గనుక అదంతా ఉత్త గోల అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. పెద్దగా ఏమీ జరగకుండా చేయడానికే వాళ్లు జీతం తీసుకున్నారు.

ఇప్పుడు పక్కన పెట్టిన 32కి వద్దాం. ఐదు షరతులు, రెండేసి పక్షాలు. రావుగారి పట్టిక ప్రకారం హిరణ్యకశిపుడి వరాన్ని ఎనిమిది సందర్భాల్లో పరీక్షిస్తే ఏ రెండు షరతుల జతా మిగిలిపోదు. ఒక సందర్భంలో పగలు, లోపల, నేల మీద, మనిషి, ప్రాణమున్నది. ఇంకో దానిలో రాత్రి, బయట, నేల మీద, ఇలా. ఎనిమిదీ పాసవుతాయి. ఓపిక ఉండి మొత్తం 32 చేసినా 32 పాసవుతాయి. సున్నా తప్పులని రిపోర్టు రాసి సంతకం పెట్టవచ్చు. సంధ్యవేళ, గడప మీద, ఒడిలో, సగం మనిషి సగం సింహం, గోళ్లతో. ఇందులో ఒక్కటీ ఆ పట్టికలో లేదు. పగలు, రాత్రి అని రెండే గళ్లు గీసినవాడికి సంధ్య ఎక్కడ రాయాలో తెలియదు. గళ్లు గీయడం పట్టిక పని కాదు, మనిషి పని. గడప వంటి చోట్లు వెతకడాన్ని మా వృత్తిలో బౌండరీ టెస్టింగ్ అంటారు. కొత్తగా చేరినవాళ్లకు దాన్ని నేర్పడానికి వారం కేటాయిస్తారు. అహోబిలంలో పెరిగిన పిల్లలకు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు.

మన లెక్కల మాస్టార్లకు ఒక మనవి. పదో తరగతి సాంఖ్యకశాస్త్రంలో సగటు, మధ్యగతం, బాహుళకం చెప్పే రోజున చివరి పది నిమిషాలు మిగిలితే ఆ నాలుగు మడుల పట్టిక బోర్డు మీద వేయండి. జతలన్నీ ఉన్నాయో లేదో పిల్లలనే వెతకనివ్వండి. అది ఎవరు రాశారో, ఆ ఊరు మనకు ఎంత దగ్గరో చెప్పండి.

రావుగారికి 1968లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ వచ్చాయి. గణాంకశాస్త్రంలో నోబెల్ అంతటిదని చెప్పే అంతర్జాతీయ బహుమతి 2023లో, నూట రెండేళ్ల వయసులో అందింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరిట గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ ఒకటి ఉంది. ఆ ఆవరణ గోడ పక్కనుంచి గచ్చిబౌలి వైపు పోయే రోడ్డుకు కూడా ఆయన పేరే పెట్టారు. ఐటీ ఆఫీసులకు పోయే బస్సులూ క్యాబులూ పొద్దున, సాయంత్రం ఆ రోడ్డు మీద బారులు తీరుతాయి. మన బడి పిల్లలు అందులో ఎంతమంది ఉంటారో సంఘం వారి దగ్గరున్న చిరునామాల జాబితా చూస్తే తెలుస్తుంది.